ట్రూ డిటెక్టివ్ నాలుగు సీజన్లలో మీరు దేనితో మొదలుపెట్టాలి?

“అన్నా, ఎప్పుడూ ట్రూ డిటెక్టివ్, ట్రూ డిటెక్టివ్ అంటావు కదా, యాడ్నుంచి మొదలుపెట్టాల?” అని మా చిన్నాయన కొడుకు నంద్యాల నుంచి ఫోన్ చేశాడు. “ఎవరితో కూచోని చూస్తావ్‌రా? పొద్దున్నే లేచి డ్యూటీకి పోవాల్నా?” అని నేనే ఎదురు అడిగాను. వాడు కాసేపు మాట్లాడలేదు. మొదటి సీజన్ అని ఒక్క ముక్కలో చెప్తానని అనుకున్నాడు. చాలా ఏళ్ళు నేను చెప్పింది కూడా అదే. ఇప్పుడు మానేశాను. నా మాట విని మొదటి సీజన్ పెట్టి, రెండో ఎపిసోడ్‌కే “ఇదేంది, ఊరికే మాట్లాడుకుంటాన్నారు” అని ఆపేసినవాళ్ళను చూశాను. వాళ్ళలో ఇద్దరికైనా మూడో సీజన్ చెప్పి ఉంటే తెల్లవార్లూ కూచునేవాళ్ళు. ఒకసారి ఆపేసినవాళ్ళు మళ్ళీ ఆ పేరెత్తితే వినరు.

ట్రూ డిటెక్టివ్ అమెరికా హెచ్‌బీఓ ఛానెల్‌లో వచ్చిన నేర పరిశోధన సిరీస్, ఏ సీజన్‌కు ఆ సీజన్ వేరే కథ. మనుషులు వేరు, ఊరు వేరు, కేసు వేరు. కాబట్టి వరస తప్పితే ఏమవుతుందో అన్న భయం అక్కర్లేదు. హెచ్‌బీఓలో 2014లో మొదలైంది. మొదటి మూడు సీజన్లకు ఎనిమిదేసి ఎపిసోడ్లు, నాలుగోదానికి ఆరు, ఒక్కోటి గంట అటూఇటూ. హెచ్‌బీఓ సిరీస్‌లు 2023 మార్చి దాకా హాట్‌స్టార్‌లో ఉండేవి, తర్వాత జియోసినిమాకు పోయాయి, 2025 ఫిబ్రవరిలో ఆ రెండూ కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాయి. వెతకాల్సింది అక్కడే.

నాకు కర్నూలు పాతబస్తీలో ఫోటో స్టూడియో ఉంది. మా నాన్న పెట్టింది. పెళ్ళి వీడియోలు, పాస్‌పోర్టు ఫోటోలు మా పని. కెమెరా పట్టుకునేవాడిగా ఈ సిరీస్‌లో నన్ను మొదట పట్టేసింది నేల. సీమ నేరం అంటే మన సినిమాల్లో ఏం చూపిస్తారో మనకు తెలుసు: దుమ్ము రేపుకుంటూ నాలుగు సుమోలు, వేటకొడవళ్ళు, అరుపులు. నేల వాటి వెనకాల ఒక తెర, అంతే. ఇక్కడ నేరం గోడకు పట్టిన చెమ్మలాగా ఉంటుంది. యాడ మొదలైందో తెలియదు, సున్నం కొట్టినా మళ్ళీ పైకి తేలుతుంది. ఆ చెమ్మ ఏ మట్టిలోంచి వచ్చిందో చూపించడానికే కెమెరా తిరుగుతుంది. నల్లమల అంచున ఊళ్ళు, బేతంచెర్ల రాళ్ళ గనులు, గండికోట లోయ ఉన్న మనకు ఆ చూపు కొత్త కాదు. దాన్ని అలా తెర మీద చూడటం మాత్రం కొత్త. అందుకే ఈ నాలుగింటినీ నేను పోల్చేటప్పుడు హంతకుడు ఎవరన్నది పక్కన పెట్టి, ఏ నేలలో ఎవరి పక్కన కూర్చోవాలన్నదే చూస్తాను.

ఒంటరిగా చూసేవాళ్ళకు: మొదటి సీజన్

లూసియానా. 1995లో కాల్చిన చెరుకుతోటలో, ఒక చెట్టు మొదట్లో, తల మీద జింక కొమ్ములు పెట్టిన ఆడమనిషి శవం. ఆ కేసు మీద ఇద్దరు డిటెక్టివ్‌లు: మాథ్యూ మెకానహే చేసిన రస్ట్ కోల్, వుడీ హారెల్సన్ చేసిన మార్టీ హార్ట్. కథ 1995, 2002, 2012 మధ్య తిరుగుతుంది. 2012లో ఇద్దరినీ వేరువేరుగా కూర్చోబెట్టి, ఎదురుగా వీడియో కెమెరా పెట్టి, పాత కేసు గురించి అడుగుతుంటారు. వాళ్ళు నోటితో చెప్పేది ఒకటి, మనకు కనిపించేది ఇంకొకటి. ఆ తేడా పట్టుకోవడంలోనే సగం రుచి ఉంది. రస్ట్ మాట్లాడుతూ మాట్లాడుతూ బీరు డబ్బాను కత్తితో కోసి చిన్న చిన్న మనుషుల బొమ్మలు చేసి బల్ల మీద నిలబెడతాడు. ఆ వేళ్ళను చూడండి. మనిషి లోపల ఏమైపోయాడో చెప్పడానికి అది చాలు.

ఆ విచారణలో పాత ఫైళ్ళు రీటా తుఫానుకు పాడైపోయాయని ఒక మాట వస్తుంది. చాలామంది చెవిన పెట్టకుండా దాటిపోతారు. నేను అక్కడ పాజ్ కొట్టి కూర్చున్నాను. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికి వచ్చినప్పుడు మా స్టూడియో మునిగింది. నీళ్ళు తీసినాక ఇరవై ఏళ్ళ నెగటివ్‌లను బకెట్లో కడిగి, మిద్దె మీద బట్టల దండేనికి క్లిప్పులు పెట్టి ఆరేశాం. కొన్నింట్లో చీర అంచు మిగిలింది, మొహం పోయింది. మా నాన్న ఒక్కోటి ఎండకు ఎత్తి పట్టుకుని, ‘ఇది ఫలానా వాళ్ళ పెండ్లి’ అని గుర్తుపట్టి చెప్పేవాడు. కాగితం పోయినాక మనిషి జ్ఞాపకమే సాక్ష్యం అవుతుంది, ఆ మనిషి అబద్ధమైనా చెప్పొచ్చు, మరిచిపోయైనా ఉండొచ్చు. మొదటి సీజన్ నడిచేదంతా దాని మీదనే.

ఎనిమిది ఎపిసోడ్లనూ క్యారీ జోజి ఫుకునాగా ఒక్కడే డైరెక్ట్ చేశాడు, నిక్ పిజోలాటో రాశాడు. కెమెరా ఆడమ్ ఆర్కపా. డిజిటల్ కాకుండా 35 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు. నాలుగో ఎపిసోడ్ చివర సుమారు ఆరు నిమిషాలు ఎక్కడా కట్ లేకుండా ఒకే షాట్ నడుస్తుంది: ఇండ్లలోంచి ఇండ్లలోకి, కంచె మీదుగా, వీధి దాటుకుని. పెళ్ళికొడుకు కారు దిగి మండపం ఎక్కేదాకా రెండు నిమిషాలు కట్ లేకుండా తీయడానికే మా పిల్లగాళ్ళ చేతులు వణుకుతాయి. మధ్యలో ఎవరో ఒకరు అడ్డం వస్తారు, ఫోకస్ జారిపోతుంది. ఆ ఆరు నిమిషాలు చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ఏడాది డైరెక్షన్‌కు ఎమ్మీ టీవీ అవార్డు ఫుకునాగాకే వచ్చింది.

ఇక లోటు. ఆడవాళ్ళ పాత్రలు పలచన. మార్టీ భార్య తప్ప గుర్తుండేవాళ్ళు తక్కువ. రస్ట్ మాటలు కొందరికి వేదాంతంలా ఉంటాయి, కొందరికి విసుగు పుట్టిస్తాయి. నగ్న దృశ్యాలు, కడుపులో తిప్పే దృశ్యాలు ఉన్నాయి. హాల్లో అందరి ముందు పెట్టేది కాదు. రాత్రి ఒక్కడివే, లైటు ఆర్పేసి, వారానికి రెండు ఎపిసోడ్లు. అలా చూసేవాడికి దీన్ని మించింది నేను చూడలేదు.

ఇంట్లో వాళ్ళతో చూసేవాళ్ళకు: మూడో సీజన్

2019లో వచ్చింది. ఆర్కన్సాలో ఓజార్క్ కొండల ప్రాంతం. 1980 నవంబర్ 7న అన్నాచెల్లెళ్ళిద్దరు సైకిళ్ళ మీద ఆడుకోను పోయి తిరిగిరారు. ఆ కేసు చూసిన డిటెక్టివ్ వేన్ హేస్. మాహెర్షలా అలీ చేశాడు. 1980, 1990, 2015, మూడు కాలాలు. 2015లో హేస్ ముసలాయన, మతిమరుపు జబ్బు మొదలైంది. తీరని కేసు మిగిలే ఉంది, దాన్ని మోసే బుర్ర మాత్రం కరిగిపోతోంది.

అలీకి మొదట ఇవ్వజూపింది పక్క పాత్రేనట. అసలు పాత్ర నేనే చేస్తానని పిజోలాటోను ఒప్పించి తీసుకున్నట్టు ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ఎందుకు పట్టుబట్టాడో చూస్తే తెలుస్తుంది. ఒకే మనిషిని మూడు వయసుల్లో, మూడు రకాల మౌనంలో చూపిస్తాడు.

దీన్ని నేను మా అమ్మతో చూశాను. ఆమెకు ఇంగ్లీషు రాదు. పక్కన కూచుని ఒక్కో మాట తెలుగులో చెప్పుకుంటూ పోయాను. ముసలి హేస్ పొద్దున లేవగానే, రాత్రి తనకు తానే రికార్డు చేసి పెట్టుకున్న మాటలు వింటాడు. ఆయన ఎవరో, ఈ రోజు ఏం చేయాలో అందులో ఉంటుంది. అది చూసి మా అమ్మ, “మీ జేజి కొంగుకు ముడులు వేసుకునేది, గుర్తుందా?” అంది. నాకు గుర్తుంది. చివరి రెండేళ్ళు మా జేజి ఏదైనా మరిచిపోతానని అనిపిస్తే కొంగుకు ఒక ముడి వేసేది. సాయంత్రానికి ఆరేడు ముడులు ఉండేవి, ఏ ముడి దేనికో తెలియదు. ఒక్కోటి విప్పి చూసి, మళ్ళీ జాగ్రత్తగా వేసుకునేది. హేస్ అర్ధరాత్రి నైట్‌డ్రెస్‌తో వీధిలో నిలబడి, తాను అక్కడికి ఎలా వచ్చాడో తెలియక చుట్టూ చూసే చోట మా అమ్మ నన్ను చెప్పనివ్వలేదు. “ఊరుకో, అర్థమవుతాంది” అంది. ఆ తర్వాతి ఎపిసోడ్లలో చాలాచోట్ల నేను నోరు విప్పాల్సిన పని పడలేదు.

ఈ సీజన్‌లో రక్తం తక్కువ, మొహం తిప్పుకునే దృశ్యాలు మిగతావాటి కంటే బాగా తక్కువ. చిన్నపిల్లల ముందు వద్దు, కానీ పెద్దవాళ్ళతో ఇబ్బంది లేకుండా చూడొచ్చు. హేస్‌కూ అతని జతగాడు రోలండ్ వెస్ట్‌కూ మధ్య చివరికి జరిగే మాటలు, భార్య అమీలియాతో గొడవలు చూస్తే మన ఇండ్లలో మగవాళ్ళు చెప్పకుండా మింగే మాటలే గుర్తొస్తాయి. రోలండ్‌గా స్టీఫెన్ డార్ఫ్‌ను ఎవరూ పెద్దగా పొగడరు. నాకు మాత్రం ఆయన అలీకి ఒక్క అంగుళం తగ్గలేదు.

మొదటిదానికీ దీనికీ పోలిక అడుగుతారు: రెండింట్లోనూ ముక్కలైన కాలమే, ఇద్దరు పోలీసులే, పాత కేసే కదా అని. నిజమే, అచ్చు ఒకటే. కానీ మొదటిది చూశాక మనకు భయం మిగులుతుంది, మూడోది చూశాక ఇంట్లో పెద్దవాళ్ళకు ఫోన్ చేయాలనిపిస్తుంది. నడక మాత్రం నిదానం, ఐదో ఎపిసోడ్ దాకా ఓపిక పట్టాలి. కేసు ముడి విప్పిన తీరు కొందరికి చప్పగా అనిపించొచ్చు, నాకూ ఆ ఒక్క చోట కొంచెం తొందరపడ్డారనిపించింది.

ఎండాకాలానికి: నాలుగోది

ఉపశీర్షిక నైట్ కంట్రీ. 2024 జనవరిలో వచ్చింది. అలాస్కాలో ఎన్నిస్ అనే ఊరు. ఊరు కల్పితం, తీసింది ఐస్‌లాండ్‌లో. సూర్యుడు ఇక కొన్ని వారాలదాకా రాడనే రోజు, మంచులో ఉన్న పరిశోధన కేంద్రంలో ఎనిమిది మంది మగవాళ్ళు మాయమవుతారు. జోడీ ఫోస్టర్, బాక్సింగ్ రింగ్ నుంచి వచ్చిన కాలీ రీస్ డిటెక్టివ్‌లు. రాసింది, తీసింది ఇస్సా లోపెజ్ అనే మెక్సికో ఆమె. ఫోస్టర్‌కు ఎమ్మీ వచ్చింది.

మే నెలలో కర్నూలు ఎండకు మిద్దె మీద నీళ్ళు చల్లి, చాప వేసి, గోడకు ప్రొజెక్టర్ పెట్టి చూశాం. రాత్రి పదికి కూడా కింద సిమెంటు వేడి కొడుతోంది. గోడ మీదేమో మంచులో ఒకరినొకరు పట్టుకుని గడ్డకట్టిన శవాలు. వాటిని విడదీయను రాక మొత్తం ముద్దగా ఊళ్ళో మంచు మీద హాకీ ఆడే చోటికి తెచ్చి, కరిగేదాకా కాపలా కాస్తారు. ఫోస్టర్ ఆ ముద్ద చుట్టూ నడుస్తూ ఒక్కో మొహం చూసే దృశ్యం వచ్చినప్పుడు మిద్దె మీద ఏడుగురం ఉన్నాం, ఎవరూ మాట్లాడలేదు.

ఆ ఊరికి కూడు పెట్టేది గని, నీళ్ళు చెడగొట్టేది కూడా గనే. స్థానిక ఇనుపియాట్ జనంలో దాన్ని ఎదిరించిన ఒక ఆడపిల్ల అంతకు ఆరేళ్ళ ముందే చచ్చి పడి ఉంది, ఎవరూ తేల్చలేదు. మాతో చూసినవాళ్ళలో ఒకతను పులివెందుల పక్క. కుళాయి తిప్పితే నల్లనీళ్ళు వచ్చే చోట, “మా తావున బోరునీళ్ళ మాట ఎత్తినా ఇట్లే మొహాలు పెడతారు” అన్నాడు. తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల రైతులు బోర్ల గురించి ఏళ్ళుగా మొత్తుకుంటున్న సంగతి కడప జిల్లా వాళ్ళకు చెప్పక్కర్లేదు. గని వద్దంటే పని పోతుంది, ఉండనిస్తే నీళ్ళు పోతాయి. ఆ రెండింటి మధ్య చీలిపోయిన ఊరిని ఈ సీజన్ బాగా చూపించింది.

ముగింపు దగ్గర జనం రెండుగా చీలిపోయారు. దయ్యమా, మనుషులా అన్నది పూర్తిగా తేల్చదు. తేలాలి అనుకునేవాళ్ళు కోపగించుకుంటారు. మన ఊళ్ళలో చచ్చినవాళ్ళు కలలోకి వచ్చి మాట చెప్పి పోవడం వింత కాదు కాబట్టి నాకు అది అడ్డం రాలేదు. ఒక సంగతి: ఇందులో మొదటి సీజన్‌కు ముడిపెట్టే గుర్తులు, పేర్లు వస్తాయి. తెలియకపోయినా కథ అర్థమవుతుంది, తెలిస్తే ఒళ్ళు జలదరిస్తుంది. రెండూ చూడాలని గట్టిగా అనుకుంటే మాత్రం మొదటిది ముందు, ఇది తర్వాత. ఆరే ఎపిసోడ్లు కాబట్టి ఓపిక తక్కువ ఉన్నవాళ్ళకు ఇదే మేలు.

రెండో సీజన్ మాటేంటి?

2015లో వచ్చింది, తిట్లు తింది. మొదటిదాని తర్వాత ఏడాదిన్నరలో రావడం దాని దురదృష్టం. అదే ఇంకో పేరుతో వచ్చి ఉంటే ఇంత మాట పడేది కాదు. కాలిఫోర్నియాలో విన్సీ అనే కల్పిత ఊరు, జనం కంటే ఫ్యాక్టరీలు ఎక్కువ. ఊరి పరిపాలన చూసే అధికారి శవమై తేలుతాడు. రైలు మార్గం వస్తుందని తెలిసి ముందే భూములు చేతులు మార్చిన పెద్దమనుషుల కథ. కాలిన్ ఫారెల్, రేచెల్ మెకాడమ్స్, టేలర్ కిచ్, విన్స్ వాన్, నలుగురి మీద నడుస్తుంది కాబట్టి పేర్లు కలగలిసిపోతాయి. ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు 2021లో మొదలైంది. దానికి ఎంతో ముందు నుంచే ఆ రోడ్డు మీద టీ బంకు దగ్గర నిలబడినా ప్లాట్ల మాటలే వినిపించేవి. ఒక పుకారుకు సెంటు ధర ఎలా లేస్తుందో చూసినవాళ్ళకు ఈ సీజన్ అమెరికావాళ్ళ కంటే తొందరగా అర్థమవుతుంది. నాలుగో ఎపిసోడ్‌లో నడివీధి కాల్పులు, ఖాళీ బారులో ఫారెల్, వాన్ ఎదురెదురుగా కూచునే దృశ్యాలు, ఎపిసోడ్‌కు ఎపిసోడ్‌కు చరణాలు మారే లెనార్డ్ కోహెన్ టైటిల్ పాట, వీటికోసం చూడొచ్చు. కానీ దీనితో మొదలుపెట్టొద్దు. మిగతా మూడింటిలో ఒకటైనా నచ్చాక, ఒక కాగితం మీద పేర్లు రాసుకుని కూర్చోండి.

ఇంగ్లీషు అంటేనే దూరం జరిగేవాళ్ళు ఇంట్లో ఉంటే తెలుగు డబ్బింగ్‌లో రెండు చెప్తాను. కేరళ క్రైమ్ ఫైల్స్ కూడా సీజన్‌కు ఒక కేసే. 2023లో వచ్చిన మొదటిదాంట్లో లాడ్జిలో హత్య, పోలీసుల చేతిలో ఉన్నది రిజిస్టర్‌లో రాసిన దొంగ చిరునామా ఒక్కటే. 2025లో వచ్చిన రెండోదాంట్లో ఒక పోలీసే కనిపించకుండా పోతాడు. రెండూ ఆరేసి ఎపిసోడ్లు, పోలీసు స్టేషన్ మనకు తెలిసిన స్టేషన్‌లాగే ఉంటుంది. నేల వాసన కావాలంటే 2022లో వచ్చిన సుడల్. తమిళనాడు కొండ ఊరు, మయానకొల్లై జాతర, కాలిపోయిన సిమెంటు ఫ్యాక్టరీ, అదే రాత్రి మాయమైన ఒక పిల్ల. ఎర్రగుంట్ల వైపు సిమెంటు దుమ్ములో పెరిగినవాళ్ళకు ఆ ఊరు మనదే అనిపిస్తుంది. గంగమ్మ జాతర రాత్రుల మీద, పెన్న ఇసుక మీద, మన సీమలో కూడా ఇలాంటిదొకటి ఎవరైనా అరుపులు లేకుండా తీస్తే మొదటి వరసలో కూచుని చూడాలని నాకు ఏళ్ళుగా ఉంది.

ఏ సీజన్ పెట్టినా టీవీ విషయంలో ఒక మాట. కొత్త టీవీలు షాపులో మెరవడానికి వివిడ్, డైనమిక్ మోడ్‌లో పెట్టి ఇస్తారు. దాంట్లో చీకటి దృశ్యాలు బూడిద రంగులోకి తిరిగిపోతాయి, నాలుగో సీజన్ అయితే పూర్తిగా నాశనం. మూవీ లేదా సినిమా మోడ్‌కు మార్చండి, మోషన్ స్మూతింగ్ ఆపండి, ట్యూబ్‌లైటు తీసేయండి. సెల్‌ఫోన్‌లో మొదటి సీజన్ చూస్తామంటే నేను ఒప్పుకోను. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు కూడా సబ్‌టైటిల్స్ పెట్టుకోవాలి, మెకానహే మాట సగం గొంతులోనే ఉంటుంది. టైటిల్ పాట స్కిప్ చేయొద్దు, ఆ నేల ఎలాంటిదో అందులోనే చూపిస్తారు.

మా చిన్నాయన కొడుక్కు మూడో సీజన్ చెప్పాను. పెళ్ళై నాలుగు నెలలు, భార్యతో కలిసి చూస్తానన్నాడు. మొన్న బుధవారం రాత్రి పన్నెండు దాటాక ఫోన్ వచ్చింది. ఏమైందోనని గబుక్కున ఎత్తితే, “అన్నా, ఆరో ఎపిసోడ్ అయిపోయింది. నువ్వేం చెప్పొద్దు, ఊరికే చేసినా” అన్నాడు. వెనక నుంచి మా మరదలి గొంతు, “ఆ పిల్ల బతికే ఉందా లేదా, అది ఒక్కటి అడుగు!” అంటోంది. వాడు అడగకుండానే పెట్టేశాడు.